క్షమాభిక్షకు వీసా లేదు

అమెరికా వీసా కోసం నింపే డీఎస్-160 దరఖాస్తులో ఓ ప్రశ్న ఉంటుంది. ఎప్పుడైనా, ఏ నేరం కిందనైనా మిమ్మల్ని అరెస్టు చేశారా, శిక్ష పడిందా అని అడిగి అంతటితో ఊరుకోరు. తర్వాత క్షమాభిక్ష దొరికినా, సర్కారు మాఫీ చేసినా సరే, చెప్పి తీరాల్సిందేనంటారు. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో కన్సల్టెన్సీ ఆఫీసులో ఆ ఫారం నింపించే కుర్రాడు సాధారణంగా అక్కడ ఆగడు. ‘నో’ కొట్టి తర్వాతి పేజీకి పోతాడు. ఎక్కువమందికి అదే సరైన జవాబు. సంక్రాంతి బరి దగ్గర పట్టుబడినవాడికి, కాలేజీ గొడవలో ఎఫ్ఐఆర్‌కెక్కినవాడికి, వదిన పెట్టిన కేసులో అమ్మానాన్నలతో పాటు నిందితురాలైన ఆడపడుచుకు మాత్రం ఆ ఒక్క గడి దగ్గరే కథంతా ఉంది.

ఈ మూడు పట్టణాల నుంచి చదువుకో, ఉద్యోగానికో, పిల్లల దగ్గరికో దేశం దాటే కుటుంబాలు ఇప్పుడు వీధివీధినా ఉన్నాయి. వాళ్లలో ఎవరికైనా పాత కేసు ఉంటే ఇంట్లో వినపడే మాట ఒకటే: ‘అది ఎప్పుడో పోయింది కదా!’ ఎలా పోయింది, పోయిందనడానికి కాగితం ఏది అని ఎవరూ అడగరు. సరిహద్దు దగ్గర అడిగేది మాత్రం ఆ రెండే. మన రాజ్యాంగం క్షమించే అధికారాన్ని రాష్ట్రపతికి, గవర్నర్లకు ఇచ్చింది. ఆ అధికారం దేశం అంచున ఆగిపోతుంది. ఠాణాలో పుట్టిన రికార్డు మాత్రం మనిషితో పాటే విమానం ఎక్కుతుంది. తప్పు దిద్దుకున్నవాడికి మరో అవకాశం ఇవ్వదలిస్తే అది రాజ్‌భవన్‌లో కాకుండా ఠాణాలోనూ మేజిస్ట్రేటు కోర్టులోనూ దొరకాలి.

మొదటి గేటు మన దగ్గరే

విదేశాలకు వెళ్లడం సర్కారు పెట్టే భిక్ష కాదని, 21వ అధికరణం హామీ ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో అది భాగమని 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటిదాకా పాస్‌పోర్టు ఎవరికివ్వాలో, ఎవరికి కాదనాలో చెప్పే చట్టమే లేదు. ఆ తీర్పు పడ్డాకే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద పాస్‌పోర్టు పోగొట్టుకున్న మేనకా గాంధీ కేసులో 1978 జనవరిలో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కి, స్వేచ్ఛను కత్తిరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని చెప్పింది.

ఆ చట్టంలోని 6(2) సెక్షన్‌లో పాత కేసులున్నవారికి సంబంధించిన రెండు క్లాజులను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి శిక్ష పడినవారి గురించి. నైతిక పతనానికి సంబంధించిన నేరంలో రెండేళ్లకు తగ్గకుండా జైలుశిక్ష పడి, దరఖాస్తు నాటికి ఐదేళ్లు దాటకపోతే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. రెండోది, క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తున్నవారి గురించి. ఈ రెండో క్లాజుకు గడువు లేదు. అంటే నేరం రుజువైనవాడికి ఐదేళ్లలో తలుపు తెరుచుకుంటుంది. నేరం రుజువు కానివాడు, వాయిదాలు పదేళ్లు సాగితే పదేళ్లూ గడప బయటే నిలబడాలి. నిర్దోషిగా భావించాల్సిన మనిషికి దోషి కంటే గడ్డు పరిస్థితి! చట్టం రాసినవారు ఇలా కోరుకుని ఉండరు. మన కోర్టుల నత్తనడక ఆ పని చేసిపెట్టింది.

ఈ కాఠిన్యాన్ని కాస్త తగ్గించడానికి కేంద్రం 1993 ఆగస్టు 25న ఓ నోటిఫికేషన్ ఇచ్చింది. కేసు నడుస్తున్న కోర్టు దేశం దాటడానికి అనుమతిస్తే పాస్‌పోర్టు ఇవ్వవచ్చు. కోర్టు ఎన్నాళ్లకో చెప్పకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. చాలామంది కక్షిదారులకు, కొందరు ప్లీడర్లకు కూడా ఈ సంగతి తెలియదు. అనుమతి కోరే పిటిషన్‌లో ‘పదేళ్ల కాలానికి’ అన్న ముక్క రాయకపోవడంతో ఏడాది పాస్‌పోర్టు చేతికొస్తుంది. ఆరు నెలల చెల్లుబాటు మిగిలి ఉండాలని అడిగే దేశాల వీసాకు అది పనికిరాకుండా పోతుంది.

మరో అపోహ ఎఫ్ఐఆర్ చుట్టూ ఉంది. ఠాణాలో పేరు ఎక్కగానే పాస్‌పోర్టు రాదనుకుంటారు. పోలీసు దర్యాప్తు దశలో ఉన్న కేసు ‘కోర్టులో పెండింగ్’ కిందికి రాదని, కోర్టు దాన్ని విచారణకు స్వీకరించాకే ఆ సెక్షన్ వర్తిస్తుందని విదేశాంగ శాఖ 2019 అక్టోబరు 10న స్పష్టం చేసింది. శిక్షపై అప్పీలు నడుస్తున్నంత మాత్రాన రెన్యువల్ ఆపరాదని ఒక తెలుగువారి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ ‘కేసు ఉంది’ అని రాస్తే చాలు, విజయవాడ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం నుంచి సంజాయిషీ నోటీసు వస్తుంది. చాలామంది ఆ నోటీసు చూసి బెంబేలెత్తి జవాబే ఇవ్వరు. లేదా దళారీ మాట విని, కేసు సంగతి దాచి మళ్లీ దరఖాస్తు చేస్తారు. తెలిసి సమాచారం దాచినా, తప్పు చెప్పినా అదే చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. పాత కేసు తేలిపోయేదే అయినా ఈ కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది.

పాస్‌పోర్టు చేతిలో ఉన్నవారికి విమానాశ్రయంలో ఎదురయ్యేది లుకౌట్ సర్క్యులర్. భార్యాభర్తల తగాదాల్లో, అప్పుల కేసుల్లో విదేశాల్లో ఉన్నవారి మీద పోలీసులు దీన్ని తీయిస్తుంటారు. 2010 నాటి మార్గదర్శకాల ప్రకారం దాని ఆయుష్షు ఏడాది. కేంద్ర హోం శాఖ 2021 ఫిబ్రవరిలో ఆ పద్ధతి మార్చింది. సర్క్యులర్ పెట్టించిన అధికారి తీసేయమని రాసేదాకా అది ఉంటుంది. కేసు రాజీ అయిపోయినా, కోర్టు కొట్టేసినా, ఆ ఒక్క ఉత్తరం రాయడం ఎవరో మరిచిపోతే, పెళ్లి చూసుకుని తిరుగు ప్రయాణమైనవాడు శంషాబాద్ ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆగిపోతాడు.

‘ఫైన్ కట్టేస్తే పోలా?’

కోర్టు ఆవరణల్లో తరచూ వినిపించే సలహా ఇది. పేకాట, కోడిపందెం, తాగి బండి నడపడం, చిన్న కొట్లాట. ఏ కేసైనా నాలుగు వాయిదాలు తిరిగేసరికి విసుగొస్తుంది. లోక్ అదాలత్ తేదీ ముందు కోర్టు కానిస్టేబుల్ ఫోన్ చేస్తాడు. ‘ఒప్పుకుని జరిమానా కట్టెయ్, పనైపోద్ది’ అంటాడు. నిజమే, ఆ రోజుకు పని అయిపోతుంది. కానీ నేరం ఒప్పుకుని కట్టిన జరిమానా చట్టం దృష్టిలో శిక్షే. అమెరికా వలస చట్టం ‘శిక్ష పడటం’ అనేదాన్ని మరీ విశాలంగా చూస్తుంది. నేరాన్ని ఒప్పుకుని, దానికి ఏ రూపంలో దండన పడినా అది శిక్ష కిందే లెక్క.

పందెం కేసు వల్లనే వీసా ఆగిపోతుందని కాదు. ఏ నేరమన్నది ముఖ్యం. మోసం, దొంగతనం, తీవ్రమైన దాడి లాంటి నైతిక పతనం కిందికి వచ్చే నేరాలను అమెరికా వేరుగా చూస్తుంది. అందులో చిన్న నేరానికి ఓ మినహాయింపు ఉంది. అది ఒకే నేరమై ఉండాలి, పడిన శిక్ష ఆరు నెలలు మించకూడదు. అంతకంటే కీలకంగా, ఆ నేరానికి చట్టంలో రాసిన గరిష్ఠ శిక్ష ఏడాదికి మించకూడదు. మనవాళ్లు పొరబడేది ఈ చివరి షరతు దగ్గరే. పాత ఐపీసీ 420 సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. జడ్జిగారు దయతలచి వెయ్యి రూపాయల జరిమానాతో వదిలిపెట్టినా, అవతల చూసేది ఆ ఏడేళ్లనే.

గంజాయి కేసులు ఇంకా ప్రమాదకరం. మన ఎన్‌డీపీఎస్ చట్టంలో కిలో లోపు గంజాయిని ‘చిన్న పరిమాణం’గా చూస్తారు, గరిష్ఠ శిక్ష ఏడాది. ఇక్కడ అది చట్టంలో అన్నిటికంటే అడుగు మెట్టు. అమెరికాలో మాదకద్రవ్యాల నేరానికి పైన చెప్పిన మినహాయింపే లేదు. శిక్ష పడకపోయినా, ఇంటర్వ్యూలో తప్పు ఒప్పుకుంటే చాలు, అనర్హత అంటుకుంటుంది. తాగి బండి నడిపిన కేసు కెనడాలో ఇలాగే తలకిందులవుతుంది. మన మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా. కెనడా 2018 డిసెంబరు 18 నుంచి ఆ నేరానికి గరిష్ఠ శిక్షను పదేళ్లకు పెంచింది. బయట జరిగిన నేరాన్ని తమ చట్టంతో పోల్చి తూకం వేస్తారు కాబట్టి, తెనాలిలో ఫైన్‌తో పోయిన కేసు టొరంటోలో ‘తీవ్ర నేరం’ అవుతుంది.

కేసు ముగియడానికి వేరే దారులూ ఉన్నాయి. రాజీకి వీలున్న కేసులో కోర్టు రాజీని ఆమోదిస్తే అది నిర్దోషిగా విడుదల కిందే లెక్క. భార్యను వేధించిన కేసులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే చట్టం సవరించి ఆ వీలు కల్పించింది. సర్కారు తరఫు న్యాయవాది ప్రాసిక్యూషన్ ఉపసంహరించుకుంటే, అభియోగాలు నమోదయ్యాక అయితే నిర్దోషిగా విడుదల, అంతకు ముందైతే కేసు నుంచి విముక్తి. హైకోర్టు కేసు కొట్టివేస్తే అసలు కేసే నిలవదు. ఇవన్నీ దోషి అన్న ముద్ర లేకుండా బయటపడే మార్గాలు. నేరం ఒప్పుకోవడం ఆ ముద్రను కోరి వేయించుకోవడం. రెండింటి మధ్య తేడాను వాయిదా రోజున నిందితుడికి విడమరిచి చెప్పేవారు లేకపోవడమే అసలు సమస్య.

ఉద్యమ కేసుల సంగతీ ఇంతే. 2016 జనవరి 31న తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ దహనం కేసును విజయవాడ రైల్వే కోర్టు 2023 మేలో కొట్టేసింది. నిందితులు ఏడేళ్లు దాని నీడలో బతికారు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత అరెస్టయినవారిలో అత్యధికులు కుర్రాళ్లే. జీవో వచ్చింది, కేసులెత్తేశారు అనగానే పండగ చేసుకుంటారు. జీవో కేసును ముగించదు. కోర్టు అనుమతించి ఉత్తర్వు ఇస్తేనే ముగుస్తుంది. అరెస్టు జరిగిందా అన్న ప్రశ్నకు అప్పటికీ జవాబు ‘అవును’ అనే ఉంటుంది.

రాజ్‌భవన్ ఇవ్వగలిగింది ఎంత?

క్షమాభిక్ష అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది చిలకలూరిపేట బస్సు దహనం. 1993 మార్చి 8న జరిగిన ఆ ఘోరంలో 23 మంది సజీవ దహనమయ్యారు. ఉరిశిక్ష పడిన ఇద్దరు దళిత యువకుల తరఫున పౌరహక్కుల సంఘాలు, రచయితలు పోరాడితే 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ప్రాణాలు దక్కాయి, దోషిత్వం అలాగే ఉంది. 72, 161 అధికరణాల కింద జరిగేదాంట్లో ఎక్కువ భాగం ఇలా శిక్షను తగ్గించడం, మార్చడమే. శిక్ష తగ్గించినంత మాత్రాన తీర్పు చెరిగిపోదని సుప్రీంకోర్టు 1961 నుంచీ చెబుతూనే ఉంది.

ఈ అధికారం ఎవరి వైపు మొగ్గుతుందో చూపిన కేసు కూడా మన రాష్ట్రానిదే. 2005 ఆగస్టులో అప్పటి గవర్నర్ సుశీల్‌కుమార్ షిండే కర్నూలు జిల్లా నేత గౌరు వెంకటరెడ్డికి మిగిలిన శిక్షను మాఫీ చేశారు. 2006 అక్టోబరు 11న ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. వెంకటరెడ్డి మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న అంశం నివేదికలోకి రావడాన్ని తప్పుపట్టింది. కులం, మతం, పార్టీ చూసి ఇచ్చే క్షమాభిక్ష చెల్లదంది. తీర్పు గొప్పదే. దాని వెనకున్న నిజమే చేదు. రాజ్‌భవన్ గడప దాకా ఫైలు నడిపించగలిగినవాళ్లు కొందరే. జరిమానా కట్టి చేతులు దులుపుకున్న రేపల్లె కుర్రాడు గవర్నర్‌కు అర్జీ పెట్టుకున్న దాఖలా ఎక్కడా ఉండదు. పెద్ద నేరానికి పెద్ద తలుపుంది, చిన్న మచ్చకు కిటికీ కూడా లేదు.

ఆ తలుపు తెరుచుకున్నా సరిహద్దు దాకానే. అమెరికా వీసా నిబంధనల్లో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది. తమ అధ్యక్షుడో, తమ రాష్ట్ర గవర్నరో బేషరతుగా ఇచ్చిన పూర్తి క్షమాభిక్షను గుర్తిస్తారు. పరాయి దేశం ఇచ్చిన క్షమాభిక్ష, మాఫీ, రికార్డు తుడిచివేత వేటినీ అనర్హత తొలగించేవిగా పరిగణించరు. ఇది మనపై చూపే చిన్నచూపు అనుకోనక్కర్లేదు. పక్కనే ఉన్న కెనడాకూ ఇదే అనుభవం. అక్కడ పెరోల్ బోర్డు ఇచ్చే క్షమాపణకు 2012 నుంచి ‘రికార్డు సస్పెన్షన్’ అని పేరు. శిక్ష పూర్తయ్యాక ఐదేళ్లో పదేళ్లో నిలకడగా బతికినవారి రికార్డును పోలీసు డేటాబేస్‌లో విడిగా దాచేస్తారు. అప్పటికే అమెరికా అధికారులు ఆ సమాచారాన్ని తమ కంప్యూటర్లలోకి ఎక్కించుకుని ఉంటే, స్వదేశం క్షమించిన కెనడా పౌరుణ్ని వంతెన దగ్గర వెనక్కి పంపేస్తారు.

అలాగని బయటి దేశాలన్నీ పాత తప్పుకు శాశ్వతంగా తలుపు మూసేయవు. శిక్ష ముగిసి ఐదేళ్లు దాటితే కెనడాలో ‘పునరావాసం’ కింద దరఖాస్తు చేసుకోవచ్చు. అత్యవసరమైతే తాత్కాలిక నివాస పర్మిట్ అడగవచ్చు. అమెరికా సందర్శకులకు, విద్యార్థులకు కాన్సులేటు సిఫారసుతో మినహాయింపు దొరికే సెక్షన్ ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియాలు 12 నెలల జైలుశిక్షను గీతగా పెట్టుకున్నాయి. అన్ని చోట్లా చూసేవి దాదాపు ఒకటే: నేరం ఎంత తీవ్రం, జరిగి ఎన్నేళ్లయింది, ఆ తర్వాత మనిషి ఎలా బతికాడు, ఇప్పుడు నిజం చెబుతున్నాడా. చివరిది తప్పితే మిగతా మూడూ బూడిదలో పోసిన పన్నీరే. వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికాలో అది జీవితాంతం వెంటాడే అనర్హత.

గల్ఫ్ దారి వేరు. అక్కడ క్షమించే హక్కులో హతుడి కుటుంబానికీ వాటా ఉంటుంది. 2005లో దుబాయ్‌లో ఓ నేపాలీ కాపలాదారు హత్య కేసులో ఇరుక్కున్న సిరిసిల్ల ప్రాంత కార్మికులు ఐదుగురికి ఆ కుటుంబం క్షమాపణ పత్రం ఇచ్చింది, 15 లక్షల రూపాయల పరిహారమూ అందింది. అయినా వాళ్లు ఇళ్లకు చేరింది 2024లో, 18 ఏళ్ల జైలు తర్వాత. బతికి వచ్చారు, అదే చాలు. కానీ అంత పెద్ద ప్రయత్నం జరిగితే తప్ప ఐదుగురు కూలీలకు క్షమ దక్కలేదంటే, వెనక ఎవరూ లేనివారి గతేమిటో ఊహించుకోవచ్చు.

వెళ్లాక తెచ్చుకునే రికార్డు కూడా ఈ లెక్కలోదే. 2024లో న్యూజెర్సీలో ఇద్దరు తెలుగు విద్యార్థినులు ఓ సరుకుల దుకాణంలో కొన్ని వస్తువులకు డబ్బు కట్టకుండా వచ్చారన్న ఆరోపణపై అరెస్టయ్యారు. రెట్టింపు కట్టేస్తామని వాళ్లు బతిమాలడం వీడియోలో అందరూ చూశారు. మన బజారులో అలాంటిది నాలుగు తిట్లతో తెగిపోతుంది, అక్కడ పోలీసు రికార్డవుతుంది. దాడి, దొంగతనం లాంటివి చేస్తే వీసా రద్దు కావచ్చని, భవిష్యత్తులోనూ దొరక్కపోవచ్చని భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం 2025 జులైలో బహిరంగంగానే హెచ్చరించింది.

బాపట్ల పక్కనే గీసిన సరిహద్దు

రికార్డుకు, సరిహద్దుకు ఉన్న బంధం ఈ నేలకు కొత్త కాదు. బాపట్ల మండలంలోని స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాలను ఒకచోట కట్టడి చేయడానికి 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఈ సెటిల్‌మెంట్ వెలసింది. మద్రాసు ప్రభుత్వంలోని సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. వేలిముద్రలు, హాజరు పట్టీ, బయటికి వెళ్లాలంటే పాసు. ఏ నేరమూ చేయని పిల్లవాడు కూడా పుట్టుకతోనే రికార్డుకెక్కేవాడు. ఆ రోజుల్లో అతనికి పాసు లేకుండా పక్క ఊరు వెళ్లడమే సరిహద్దు ఉల్లంఘన.

మద్రాసు రాష్ట్రం 1947లో, దేశం మొత్తం 1952 ఆగస్టు 31న ఆ చట్టాన్ని రద్దు చేశాయి. చట్టం పోయింది, పేరు పోలేదు. అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు దాని స్థానంలోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలాంటిదే ఒకటి చేశారు. ఊరి పేరు చెబితే అద్దె ఇల్లు దొరకని రోజులు చాలాకాలం నడిచాయి. జాషువా కుమార్తె హేమలత, గోరా కుమారుడు లవణం దంపతులు 1970ల నుంచి ఆ ఊళ్లో చేసిన సంస్కరణ కృషిలో ఎక్కువ శ్రమ ఈ పేరు మోసే భారాన్ని దించడానికే పట్టింది. ఠాణా రికార్డు వెనక్కి తీసుకోకుండా బతుకు మార్చుకోమని చెప్పడం ఎంత కష్టమో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

రికార్డు విలువ కాలాన్ని బట్టి తిరగబడుతుందనడానికి తెనాలి సాక్ష్యం. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు నేలకొరిగిన చోటే నేటి రణరంగ్ చౌక్. ఆ ఉద్యమంలో జైలుకెళ్లినవారు బ్రిటిషు పుస్తకాల్లో నేరస్థులు. 1972లో కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పెట్టినప్పుడు, కనీసం ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు ధ్రువపత్రం తెమ్మంది. నిన్నటి శిక్ష కాగితం అర్హత పత్రమైంది.

అదే తెనాలిలో 2025 మే చివర్లో బయటికొచ్చిన వీడియో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఐతానగర్‌లో ముగ్గురు యువకులను నడిరోడ్డుపై కూర్చోబెట్టి పోలీసులు అరికాళ్లపై లాఠీలతో కొట్టారు. ఆ తర్వాత జరిగిన చర్చంతా వాళ్ల మీద ఎన్ని కేసులున్నాయి, ఎవరు రౌడీషీటర్ అన్న దాని చుట్టూనే తిరిగింది. ఎన్ని కేసులుంటే మాత్రం రోడ్డు మీద కొట్టమని ఏ చట్టం చెప్పింది? చట్టబద్ధత లేని పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ఆధారంగా రౌడీషీట్లు తెరవడం కుదరదని 2022లో రాష్ట్ర హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. సామాజిక నేపథ్యం చూసి, విముక్త జాతులవారని చూసి హిస్టరీ షీట్లు తెరవరాదని 2024 మేలో సుప్రీంకోర్టు హెచ్చరించింది. షీటు తెరవడానికి ఎస్సై సంతకం చాలు, మూయించుకోవడానికి హైకోర్టు దాకా పోవాలి. ఈ అసమానతే మన వ్యవస్థ అసలు జబ్బు.

చట్టం చేయాల్సింది

రికార్డును ముగించే తెలివి మన చట్టాలకు లేక కాదు. 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్, తప్పు చేసిన పిల్లలకు ఆ కారణంగా ఏ అనర్హతా అంటకూడదని, గడువు తీరాక రికార్డు నాశనం చేయాలని చెబుతోంది. పదహారు నిండి, ఘోర నేరంలో పెద్దలతో సమానంగా విచారణ ఎదుర్కొన్నవారికే మినహాయింపు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మందలించో సత్ప్రవర్తన హామీతోనో కోర్టు వదిలిన మనిషికి దోషిత్వం వల్ల కలిగే అనర్హతలు వర్తించవు. చిన్న నేరాల్లో ఈ చట్టాన్ని వాడమని అడిగే ప్లీడర్లు తక్కువ, గుర్తుచేసే మేజిస్ట్రేట్లు ఇంకా తక్కువ. మరోవైపు 2022లో వచ్చిన నేర విచారణ గుర్తింపు చట్టం, సేకరించిన వేలిముద్రలు, కొలతలను 75 ఏళ్లు దాచమంటోంది. పాత శిక్ష లేనివాడు నిర్దోషిగా బయటపడితే వాటిని తొలగించాలని అందులోనే ఉంది. తొలగించారో లేదో చూసే నాథుడు లేడు.

బ్రిటన్ 1974లోనే ఓ చట్టం చేసి, నిర్దిష్ట కాలం నిలకడగా బతికినవారి చిన్న శిక్షలు ‘కాలం చెల్లినవి’గా ప్రకటించింది. అలాంటి చట్టం మనకూ కావాలి. జరిమానాతోనో, ఏడాది లోపు శిక్షతోనో ముగిసిన కేసులు ఐదేళ్ల తర్వాత ఉద్యోగ, పాస్‌పోర్టు తనిఖీల్లో కనిపించకూడదు. దీన్ని అమెరికా గుర్తించకపోవచ్చు. దేశంలో బతుకు గాడిన పడితే, ఆ ఏళ్ల నడవడే అక్కడి మినహాయింపు దరఖాస్తుకు బలమైన ఆధారం అవుతుంది. మహిళలు, పిల్లలపై దాడులు, ఘోర నేరాలు దీని పరిధిలోకి రాకూడదు. బాధితుల భద్రతను పణంగా పెట్టే క్షమ క్షమే కాదు. రికార్డు దాచడం అంటే సమాజాన్ని మోసగించడమన్న అభ్యంతరానికి జవాబు ఈ గీతలోనే ఉంది.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. లోక్ అదాలత్‌లో నేరం ఒప్పుకునే ముందు దాని ఫలితం ఏమిటో తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవడం జిల్లా న్యాయసేవాధికార సంస్థ చేతిలో పని. కేసు ముగిసిన రోజునే ఆ సంగతి పోలీసు కంప్యూటర్లలోకి ఎక్కేలా, లుకౌట్ సర్క్యులర్ వెనక్కి తీసుకునేలా చూడటం ఎస్పీల బాధ్యత. ప్రయాణ అనుమతి పిటిషన్లను రెండు వారాల్లో తేల్చడం కోర్టులకు అసాధ్యమేమీ కాదు. సెమిస్టర్ మొదలయ్యాక వచ్చే అనుమతి విద్యార్థికి దేనికి?

ఇక పాత కేసు ఉండి విదేశానికి వెళ్లాలనుకుంటున్నవారు చేయాల్సింది సూటిగా నాలుగు మాటల్లో చెప్పవచ్చు. కేసు ఎలా ముగిసిందో చూపే తీర్పు సర్టిఫైడ్ కాపీ కోర్టు నుంచి ఇప్పుడే తీసుకోండి. ఏళ్లు గడిచాక ఫైలు దొరకడం కష్టం. ‘ఫైన్ కట్టేస్తే పోలా’ అన్నవాడి మాట వినే ముందు ప్లీడర్ని అడగండి. దరఖాస్తులో అడిగిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు జవాబివ్వండి. కన్సల్టెన్సీవాళ్లు మీ తరఫున ‘నో’ కొట్టినా, దాని ఫలితం అనుభవించేది కింద సంతకం చేసిన మీరే.